వల దొరకని సాఫ్ట్‌వేర్

నా ఉద్యోగ విరమణకు ఇంకా రెండేళ్లు ఉండగా, ఒక జూలై మొదటి సోమవారం, నాకు అదనపు బాధ్యత అప్పగిస్తూ ఆఫీసు ఉత్తర్వు వచ్చింది. అప్పుడు నేను శామీర్‌పేట దాటాక వచ్చే ఒక పాస్టర్ల శిక్షణ కళాశాలలో గ్రంథపాలకురాలిని. రోజూ మచ్చ బొల్లారం నుంచి బస్సులో వెళ్లి వచ్చేదాన్ని. నగరంలో ఉండే ఒక దాత మా గ్రంథాలయానికి ఒక పర్సనల్ కంప్యూటర్ ఇస్తున్నారని, అందులో ఏ బైబిల్ అధ్యయన సాఫ్ట్‌వేర్ పెట్టాలో తేల్చడానికి నలుగురితో కమిటీ వేశామని, దానికి నేను సభ్య కార్యదర్శినని ఆ ఉత్తర్వు సారాంశం. సభ్య కార్యదర్శి అంటే పనంతా తానే చేసి, నిర్ణయంలో మాత్రం నాలుగో వంతు మాట చెల్లే మనిషి.

ఈ సాఫ్ట్‌వేర్ సంగతి తెలియనివారికి ఒక మాట చెప్పాలి. ఒక పదం టైప్ చేస్తే అది వచ్చే వచనాలన్నీ చూపడం దాని మొదటి పని. పూర్వం ఇదే పనికి ఇటుకంత మందమున్న పదసూచికలు తిరగేసేవారు. వ్యాఖ్యానాలు, పటాలు, గ్రీకు, హీబ్రూ మూలాలు ఆ తర్వాతి హంగులు. ఎంపిక చేసేటప్పుడు మొదటి పని సరిగా జరుగుతోందా లేదా అన్నది చూడాలి. మా కమిటీ హంగుల దగ్గర మొదలుపెట్టింది.

కమిటీ అధ్యక్షుడు మా ప్రిన్సిపాల్ గారు. రెండో సభ్యుడు గ్రీకు చెప్పే సీనియర్ లెక్చరర్. మూడో ఆయన పాలకమండలి సభ్యుడు, బహదూర్‌పల్లి వైపు ఇళ్ల స్థలాల వెంచర్లు వేసే పెద్దమనిషి. ఆయనకు కంప్యూటర్ తెలియదు, ఆ విషయం ఆయనకూ తెలియదు.

నేను పద్ధతి ప్రకారం మూడు షరతులు రాసి అందరికీ పంపాను. తెలుగులో పదం వెతికితే దొరకాలి. ఇంటర్నెట్ లేకుండా నడవాలి, ఎందుకంటే మా దగ్గర నాలుగు చినుకులు పడితే నెట్ పోతుంది. తెరమీద తెలుగు అక్షరాలు కావలసినంత పెద్దవి కావాలి.

మూడో షరతు నేను ఎల్లయ్య కోసం పెట్టాను. ఆయన ఆ యేడు మా విద్యార్థి, వయసు యాభై ఎనిమిది. శామీర్‌పేట చెరువులో చేపలు పట్టే కుటుంబం. ముప్పై దాటాక చదవడం నేర్చుకుని, తన ఊళ్లో పాతిక మంది ఉన్న చిన్న సంఘానికి ఎన్నో ఏళ్లుగా ప్రార్థన నడుపుతున్నాడు. కొత్త నియమం ప్రకారం శిక్షణ పూర్తిచేసి, పరీక్షకుల ముందు ప్రసంగం చేసి నెగ్గితేనే ఆయన పాస్టరుగా కొనసాగుతాడు. లేకపోతే ఆ సంఘానికి నగరం నుంచి ఇంకొకరిని పంపుతారు. ఎల్లయ్యకు రెండు కళ్లలోనూ శుక్లాలు. షుగరు తగ్గాకే ఆపరేషన్ అన్నారు, అది తగ్గడం లేదు. గ్రంథాలయంలో కిటికీ పక్కన కూర్చుని భూతద్దంతో ఒక్కొక్క అక్షరమే ఏరుకునేవాడు.

వడపోతలో రెండు మిగిలాయి. ఒకటి పెద్ద కంపెనీ అమ్మే ప్యాకేజీ. రెండోది ఎవరో స్వచ్ఛందంగా తయారుచేసి ఉచితంగా ఇస్తున్నది. ప్రదర్శన రోజు కంపెనీ ఏజెంటు టై కట్టుకుని వచ్చాడు. ప్యాకేజీ తెరవగానే టేకు బీరువా బొమ్మ, అందులో తోలు అట్టల పుస్తకాలు, పేజీ తిప్పితే కాగితం చప్పుడు. ప్రిన్సిపాల్ గారు ఆ చప్పుడు మూడుసార్లు విన్నారు. ఏజెంటు ఇంగ్లిషులో ‘లవ్’ అని కొట్టాడు. వందల వచనాలు బిలబిలా వచ్చాయి. గ్రీకు లెక్చరర్ ఒక గ్రీకు పదం మీద బాణం గుర్తు పెట్టారు. దాని కింద చిన్న గడిలో ఇంగ్లిషు అర్థం కనిపించింది. దాన్ని ఆయన కళ్లు మూసుకుని, ఎప్పటినుంచో తెలిసినదాన్ని గుర్తుచేసుకుంటున్నట్టు చెప్పారు. ఇంకో పదానికీ అంతే. మూడో పదానికి ఆ గడి రాలేదు. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుని, టీ ఇంకా రాలేదేమని అడిగారు.

అప్పుడు నేను అనుమతి తీసుకుని ఎల్లయ్యను లోపలికి పిలిచాను. వాడబోయేది విద్యార్థులు కాబట్టి ఒక పదం ఆయన్నే చెప్పమన్నాను. ఆయన ‘వల’ అన్నాడు. ప్యాకేజీలోని తెలుగు బైబిల్ తెరిచి నేనే టైప్ చేశాను. ఫలితాలు సున్నా.

ఆ పదం బైబిల్‌లో ఉండకపోవచ్చని, సాఫ్ట్‌వేర్ మాత్రం పొరపాటు చెప్పదని ఏజెంటు అన్నాడు. వేదాంతపరంగా అదంత ముఖ్యమైన పదం కాదని గ్రీకు లెక్చరర్ సర్దారు.

ఎల్లయ్య చేతులు కట్టుకుని నిలబడి, మెల్లగా అడిగాడు. “గట్లయితే పేతురు ఏం ఇడిసిపెట్టి పోయిండు సారూ?”

యేసు పిలవగానే జాలరి పేతురు వలలు విడిచిపెట్టి వెంట వెళ్లాడన్నది అక్కడ అందరికీ తెలిసిన కథే. చివరికి వెంచర్ల పెద్దమనిషి కల్పించుకున్నాడు. “పెద్దాయినా, గిది ఇప్పటికిప్పుడు చూసుకునేది కాదు. ముందుముందు మస్తు డెవలప్‌మెంట్ ఉంటది దీంట్ల.”

నేను కారణం వివరించాను. ఆ ప్యాకేజీలోని తెలుగు పాతకాలపు ఫాంటులో చేసినది. కంటికి తెలుగులా కనబడుతుంది, కంప్యూటర్‌కు మాత్రం అదొక ఇంగ్లిషు అక్షరాల కుప్ప. అందుకే వెతికితే దొరకదు. అక్షరాలు పెంచి చూపిస్తే వత్తులు ఒకవైపు, గుడులు ఒకవైపు చెదిరిపోయాయి.

తర్వాత ఉచితమైనదాన్ని తెరిచాను. అందులో ‘వల’ అని కొడితే వేల వచనాలు వచ్చిపడ్డాయి. ‘వలన’, ‘వలె’, ‘కావలసిన’, అన్నింట్లోనూ ఆ రెండక్షరాలు ఉన్నాయి మరి. ఏజెంటు నవ్వాడు. అది లోపమే, దాచలేదు. పూర్తి పదం మాత్రమే వెతకమని గుర్తు పెట్టి, ‘వలలు’, ‘వలను’, ‘వలలో’ అని విడివిడిగా కొట్టి చూపించాను. ఒక్కొక్కటీ వచ్చింది. అక్షరాలు వేలెడంత చేసినా చెదరలేదు. ఎల్లయ్య తెర దగ్గరకు వచ్చి, భూతద్దం లేకుండానే ఒక వచనం చదివాడు.

ప్రిన్సిపాల్ గారి అభ్యంతరం వేరు. తెల్లటి తెర, నల్లటి అక్షరాలు, బీరువా లేదు, చప్పుడు లేదు. పైగా ఉచితం. ప్రారంభోత్సవానికి దాత వస్తే ఆయనకు ఏం చూపిస్తామని అడిగారు. ఓట్లు మూడు ఒకవైపు, ఒకటి ఒకవైపు పడ్డాయి. నా అసమ్మతి నమోదు చేయాలన్నాను. మినిట్స్ రాయడం కార్యదర్శి పని. ఈసారి మాత్రం తానే రాస్తానని ప్రిన్సిపాల్ గారు చొరవ తీసుకున్నారు. మూడు రోజుల తర్వాత వచ్చిన కాగితంలో నిర్ణయం ఏకగ్రీవమని, గ్రంథపాలకురాలు హర్షం వెలిబుచ్చారని ఉంది. రెండేళ్ల సర్వీసు కోసం గొడవెందుకని సంతకం పెట్టాను. ఆ సంతకం గురించి చెప్పుకోవడానికి నా దగ్గర గొప్ప కారణమేదీ లేదు.

ప్రారంభోత్సవం బాగా జరిగింది. ఆ ఉదయం వాన పడింది, నెట్ పోయింది. ప్యాకేజీ తెరవగానే నెట్ ద్వారా నమోదు చేసుకోమని అడిగి, బీరువా బొమ్మ దగ్గరే ఆగిపోయింది. దాత గారు ఆ బొమ్మనే చూసి చప్పట్లు కొట్టారు. ఫొటోలు తీశారు. ఒక్క వచనం కూడా తెరవకుండా బైబిల్ సాఫ్ట్‌వేర్ ప్రారంభమైంది.

కొనుగోలు ఉత్తర్వులో ఏది కొనాలో ఉంది, ఇంకేదీ పెట్టకూడదని లేదు. మర్నాడు నేను ఉచితమైనదాన్ని కూడా ఎక్కించి, ఎల్లయ్యను కూర్చోబెట్టాను. టైప్ చేయడం రాదన్నాడు. మీటల మీద తెలుగు అక్షరాలు అంటించి ఇచ్చాను. రెండు వారాల్లో తన పదాలు తనే కొట్టుకోవడం మొదలుపెట్టాడు.

ఒక మధ్యాహ్నం నన్ను పిలిచి తెర మీద రెండు వచనాలు చూపించాడు. ముఖం చిన్నబోయి ఉంది.

“ఒక దగ్గర చేపలు ఎక్కువై వలలు చినుగుతయ్ మేడం. గీడ చేపలు నిండ పడ్డయ్, కని వల చినగలే. నేను ఇన్నేండ్ల సంది రెండు దగ్గర్ల చినిగినయనే చెప్పిన మావోళ్లకు. గీ ‘లేదు’ అన్నది నాకు ఎన్నడు అగుపడలే.”

అందులో అంత బాధపడాల్సింది ఏముందని అడిగాను. వల తెగితే ఆ రోజు తిండి పోయినట్టేనని, తెగని వలను కూడా తెగిందని చెబితే తన ఊరివాళ్లకు దేవుడిని తక్కువ చేసి చెప్పినట్టేనని అన్నాడు. నాకు వేదాంతం రాదు.

పరీక్షా ప్రసంగానికి ఆయన అదే విషయం తీసుకున్నాడు. కన్ను కనబడక ఇన్నేళ్లు తప్పు చెప్పానని మొదటి వాక్యంలోనే ఒప్పుకుని, ఏ నూలు ఎప్పుడు తెగుతుందో, ఏది ఎందుకు నిలుస్తుందో చెరువు మనిషిలా చెప్పాడు. ప్రసంగ వేదిక మీద బోధకుడు తన తప్పు ఒప్పుకోవడం సంప్రదాయం కాదని గ్రీకు లెక్చరర్ మార్కులు తగ్గించారు. కౌకూర్ నుంచి బయటి పరీక్షకుడిగా వచ్చిన వృద్ధ పాస్టరు గారు, తాను తప్పు చెప్పినవన్నీ ఒప్పుకుంటే సాయంత్రం దాకా పడుతుందని, ఈయన త్వరగానే ముగించాడని అన్నారు. ఎల్లయ్య నెగ్గాడు. తన సంఘానికి పాస్టరుగా గుర్తింపు కాగితం చేతికి వచ్చింది.

నెల తిరగకుండా దాతకు పంపాల్సిన వినియోగ నివేదిక నా బల్ల మీదికి వచ్చింది. చూపు మందగించిన గ్రామీణ విద్యార్థి ఒకరు కొత్త ప్యాకేజీ సాయంతో పరీక్ష నెగ్గారని అందులో ఉంది. ఈసారి నేను సంతకం చేయలేదు. ఆయన వాడింది ఏదో, కొన్నదాన్ని ఆ నెలలో ఎందరు తెరిచారో పక్కనే సిరాతో రాశాను. తెరిచింది ఇద్దరు. ఒకరు ప్రిన్సిపాల్ గారు, ఇంకొకరు తుడవడానికి వచ్చి పొరపాటున మీట నొక్కిన ఆయా. ప్రిన్సిపాల్ గారు నన్ను పిలిచి, సంస్థ పరువు ఆలోచించాలి కదమ్మా అన్నారు. నేను రికార్డులో ఉన్నదే రాశానన్నాను.

నివేదిక మళ్లీ టైప్ అయింది, నా సంతకం గడి లేకుండా. దాత గారు సంతోషించి, అదే ప్యాకేజీకి మరో ముప్పై సంపుటాలు జత చేయించారు. నేను ఉద్యోగ విరమణ చేసే దాకా నన్ను ఏ కమిటీలోనూ వేయలేదు. నష్టమేమీ జరగలేదు, బస్సు త్వరగా దొరికేది.

ఈ ఉదంతం నుంచి నేను నేర్చుకున్నవి రెండే. ఏదైనా ఎంపిక చేసేటప్పుడు అమ్మేవాణ్ని పక్కకు జరిపి, వాడబోయే మనిషిని అతని భాషలో, అతనికి కావలసిన పనితో యంత్రం ముందు కూర్చోబెట్టాలి. ఒప్పుకోని నిర్ణయం కింద సంతకం పెట్టాల్సి వస్తే, ఎందుకు ఒప్పుకోలేదో ముందు రాసి, ఆ తర్వాతే సంతకం చేయాలి. సంతకం అయిన కాగితం మన చేతికి తిరిగి రాదు.