బావ నిలబడే చోటు

ఊళ్ళో పాటల బృందాలన్నీ అతన్ని బావ అనే పిలిచేవి. నిజానికి అతనికి బావమరిది ఒక్కడే. ఆ ఒక్కడూ గిటారు వాయిస్తూ, స్టేజి మీద అందరూ వినేలా "బావా, అందుకో!" అని కేకేసేవాడు. దాంతో డ్రమ్ములాయన దగ్గర్నుంచి హాలు ఊడ్చే మనిషి దాకా అందరికీ బావైపోయాడు. పగలు లిఫ్టులు బాగుచేసే పని, సెలవు రోజుల్లో సాయంత్రాలు హోటల్ హాల్లో బేసు గిటారు వాయించే పని. బేసుకి చప్పట్లు రావు. అది ఆగిపోతే ఏదో తగ్గిందని జనానికి తెలుస్తుంది గానీ, ఉన్నంతసేపూ అదొకటుందని ఎవరికీ పట్టదు. బావ దానికేం నొచ్చుకునేవాడు కాదు. చప్పట్లు బావమరిదికి పడితే ఇంట్లోకి వచ్చినట్టే కదా అనుకునేవాడు.

బావమరిదంటే భార్యకి తమ్ముడు. తల్లి లేని ఆ పిల్లాణ్ణి అక్కే ఎత్తుకుని పెంచింది, పెళ్ళయ్యాక వెంట తెచ్చుకుంది. "అక్కతో పాటు నన్నూ ఊరికే ఇచ్చారు బావా, వాపసు పుచ్చుకోరట" అనేవాడు వాడు, పెద్దవాడై మీసాలు వచ్చాక కూడా. కిందటేడు వానల్లో పోయాడు. గుండెపోటు. లిఫ్టులో ఇరుక్కున్న వాళ్ళని బయటికి లాగడం వచ్చిన బావకి, కళ్ళ ముందే జారిపోతున్న మనిషిని పట్టుకోవడం చేతకాలేదు. ఆ గిటారు హోటల్ వాళ్ళది. హోటల్ చేతులు మారినప్పుడు అదీ ఎటో పోయింది. వాడు వాయించింది ఒక్కటీ ఎవరూ రికార్డు చేసుకోలేదు. ఎక్కడికి పోతాడులే అనుకున్నారు అందరూ.

వాడికో అలవాటు ఉండేది. కార్యక్రమం అయిపోయి జనం కుర్చీలు జరుపుకుంటూ వెళ్ళిపోతుంటే, బావ కింద కూర్చుని వైర్లు చుడుతుంటే, వాడొక చిన్న పాట ఎత్తుకునేవాడు. వాడి సొంతం, పేరూ ఊరూ లేదు దానికి. బావ వైర్లు పక్కన పడేసి మళ్ళీ బేసు తగిలించుకునేవాడు. అప్పటికి ముందు వరసలో మిగిలేది ఒక్క భార్యే, ఒళ్ళో సంచి పెట్టుకుని ఇద్దర్నీ ఇంటికి తీసుకెళ్దామని.

ఆ పాట మళ్ళీ కావాలి బావకి. తమ్ముడు పోయాక భార్య వాడి ఊసే ఎత్తలేదు. రేడియోలో గిటారు వినిపిస్తే లేచి కట్టేస్తుంది. కూరలేం తేవాలి, నల్లా ఎందుకు కారుతోంది, ఇవే మాటలు. ఒక్కసారి ఆ పాట ఆవిడ చెవిన పడితే గుండె బరువు దిగుతుందని అతని ఆశ. ఆవిడ కోసమే అని పైకి చెప్పుకున్నాడు గానీ, ఆవిడకంటే ఆ బెంగ తనకే ఎక్కువగా ఉంది.

జీవితమంతా నాలుగు లావు తీగలతో కాపురం చేసిన మనిషి గిటారు కొనడానికి వెళ్తే ఎలా ఉంటుంది? కొట్లో అన్నిటికంటే బరువైనదీ, మెడ లావుగా ఉన్నదీ ఏరుకున్నాడు. బొటనవేలు ఒకచోట ఆనించి రెండు వేళ్ళతో తీగలు లాగుతుంటే కొట్టువాడు కాసేపు చూసి, "ఇంతకీ మీరు కొనేది బేసా, గిటారా అండీ?" అని అడిగాడు. ఇంటికొచ్చాకా అంతే. కిందనున్న రెండు సన్న తీగలూ ఇంట్లో అద్దెకు దిగిన వాళ్ళయినట్టు వాటి జోలికే పోడు. ఒక మోత మోగించి, అలవాటుకొద్దీ ఎవరో పాట అందుకుంటారని ఎదురుచూస్తాడు. అందుకునేవాడు లేడని గుర్తొచ్చినప్పుడల్లా ప్రాణం ఉసూరుమనేది.

పట్టు వదల్లేదు. అతను గిటారు తీస్తే చాలు, భార్య వంటింట్లోకి వెళ్ళి గిన్నెల చప్పుడు పెంచేది. నెలలు గడిచేసరికి పాట వేళ్ళకి వచ్చింది. రానిదల్లా ఆ గొంతు. వాడి గిటారు గొంతు గుండ్రంగా, కాస్త మసగ్గా, గోడ అవతలి నుంచి ఎవరో పిలిచినట్టు ఉండేది. ఇదేమో గిన్నె మీద చెంచా పడ్డట్టు గణగణమంటోంది.

తప్పు పికప్పుదే అని తేల్చుకున్నాడు. తీగల కింద అయస్కాంతం, దాని చుట్టూ రాగి తీగ, అదే పికప్పు. తీగ కదలికని కరెంటుగా మార్చి స్పీకరు పెట్టెలోకి పంపేది అదే. దాన్ని మార్చడానికి బస్టాండు వెనక చిన్న కొట్టుందని విని వెళ్ళి, పోయిన బావమరిది గిటారు గొంతు కావాలన్నాడు. ఎప్పుడూ సోల్డరు పెట్టి వైర్లు అతుకుతుంటుందని, అది నడిపే ఆవిణ్ణి అందరూ సోల్డరమ్మ అంటారు. మాట కరుకు, చెయ్యి మెత్తన. రాగి తీగ ఒకే చుట్టున్న పికప్పు వేసింది, నచ్చలేదు. జంట చుట్లది వేసింది, ముక్కు పట్టుకుని పాడినట్టుందన్నాడు. ఎక్కడో పాత గిటారులోంచి విప్పినది వేసింది. బావ నాలుగు మోతలు విని, "కొంచెం దగ్గరికొచ్చింది గానీ, వాడిది కాదమ్మా" అన్నాడు.

సోల్డరమ్మ చేతిలోది కింద పెట్టింది. "మీ బావమరిది వాయిస్తుంటే మీరెక్కడ నిలబడేవారు?"

"ఎక్కడేంటి? నా చోట్లోనే. వాడి వెనకాల, డ్రమ్ముల పక్కన."

"అతని పెట్టె?"

"నా ముందు ఉండేది, జనం వైపు తిరిగి. ఆ పెట్టె ఇప్పుడు నా దగ్గరే ఉంది. వెనక చెక్క కూడా ఉండదు దానికి, అంతా బోలు."

ఆవిడ నెత్తి కొట్టుకుంది. "ఇన్నేళ్ళూ మీరు విన్నది పెట్టె వీపండీ బాబూ! దాని మొహం ఎట్లా ఉంటుందో మీకు తెలీదు. ఊరికే నా చేత మూడుసార్లు విప్పించారు. వెళ్ళి వెనక కూర్చుని వినండి."

బావకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. దారి పొడుగునా ఒకటే ఆలోచన. ఇంట్లో వాయించేటప్పుడు పెట్టె మొహం తన వైపే పెట్టుకునేవాడు. వీపు వంటింటి వైపు ఉండేది. అంటే తను వినాల్సింది భార్య వింది, భార్య వినాల్సింది తను విన్నాడు.

ఆ మధ్యాహ్నమే పెట్టెని వంటింటి వైపు తిప్పాడు. దాని వెనక స్టూలు వేసుకుని కూర్చున్నాడు. మొదటి మోతకే తెలిసిపోయింది. అదే గొంతు. వాడు అక్కడే, చెయ్యి చాస్తే అందేంత దూరంలో, వీపు చూపిస్తూ నిలబడ్డట్టే ఉంది. బావ తల పైకెత్తకుండా వాయించుకుంటూ పోయాడు. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

పాట మధ్యలో ఒక ఖాళీ ఉంది. అక్కడ బావమరిది చెయ్యి ఆపి వెనక్కి తిరిగేవాడు. బేసు మీద రెండు దెబ్బలేసి ఆ ఖాళీ నింపడం బావ వంతు. ఇప్పుడు అక్కడికి రాగానే చెయ్యి తనంతట తానే ఆగింది. నింపడానికి ఎవరూ లేరు. తీగల మీద చెయ్యేసి అలాగే ఉండిపోయాడు.

"అక్కడ మీతో ఏదో అనేవాడు." భార్య గుమ్మంలో నిలబడి ఉంది. వాడి మాట ఎత్తడం ఏడాదిలో అదే మొదలు. "ప్రతిసారీ వెనక్కి తిరిగి ఏదో అనేవాడు, మీరు నవ్వేవారు. నాకు వినపడేది కాదు. ఏమనేవాడు?"

"ఏముందీ, వాడి అల్లరి."

"చెప్పండి."

బావ నసిగాడు. "'అక్క మళ్ళీ ఆవులిస్తోంది బావా, కానిచ్చేద్దాం' అనేవాడు. నువ్వు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేదానివి కదా."

ఆవిడ గుమ్మంలోనే కూలబడింది. "నేనెప్పుడు ఆవులించానండీ? ఆ పాట మొదలుపెట్టగానే ఏడుపు తన్నుకొచ్చేది. నా చేతుల్లో పెరిగినవాడు ఇంతవాడయ్యాడా అని. వాడు చూస్తే ఎగతాళి చేస్తాడని నోరు నొక్కుకునేదాన్ని. ఆవులింత అనుకున్నాడా? అన్నేళ్ళూ అలాగే అనుకున్నాడా?"

బావ కూడా అలాగే అనుకున్నాడు. అనుకుని, వాడితో కలిసి నవ్వాడు కూడా.

ఆవిడ కళ్ళు తుడుచుకుంది. "మొదట్నుంచి వాయించండి. అక్కడికి రాగానే ఆగండి."

బావ మళ్ళీ ఎత్తుకున్నాడు. ఆవిడ చేతులు ఒళ్ళో పెట్టుకుని, దాచుకోకుండా ఏడుస్తూ వింది. ఆ ఖాళీ దగ్గర అతను చెయ్యి ఆపాడు. ఆవిడ పెట్టె వైపే చూస్తూ, "ఆవులింత కాదురా అది" అంది.

బావ మిగతా పాట అందుకున్నాడు.