నా ఫోటోకి నేనే వేసుకున్న దండ

బుద్ధి ఉన్నవాడెవడూ తన చావు కబురు తానే స్టాంపులు అంటించి పోస్టు చెయ్యడు. నేను చేశాను. పైగా స్టాంపు వంకరగా అంటుకుంటే బాగుండదని స్కేలు పెట్టి మరీ అంటించాను. నా తెలివితక్కువతనం మీద మీకు ఏమైనా అనుమానాలుంటే ఇది చదివాక తీరిపోతాయి. మా ఆవిడ భారతికి పెళ్ళైన వారానికే తీరిపోయాయి.

ముందు నా సంగతి కొంచెం చెప్పాలి. ప్రత్తిపాడు దగ్గర జిన్నింగు మిల్లులో మిషన్లు చూసుకునేవాణ్ణి. ప్రత్తిలోంచి గింజను వేరుచేసి దూదిని శుభ్రంగా బయటికి పంపడం మా మిల్లు పని. నలభై దాటగానే నా కిడ్నీలు రెండూ మాట్లాడుకుని ఒకేసారి రాజీనామా ఇచ్చాయి. అప్పట్నుంచి గుంటూరు ఆసుపత్రిలో వారానికి మూడుసార్లు నన్ను ఒక మిషనుకి కట్టేసి, నా రక్తంలోంచి మురికిని వేరుచేసి, మిగతాది తిరిగి నాలోకి పంపుతున్నారు. చూశారా, మిల్లు మానేశాను అనుకున్నాను గానీ మిల్లు నన్ను మానలేదు. అప్పుడు మిషను నడిపేవాణ్ణి, ఇప్పుడు అందులో పడే సరుకుని.

పక్క మంచం కోటయ్యన్నది. పొదిలి దగ్గర మెట్ట రైతు. కందులు, పొగాకు వేసినవాడు. నాకంటే పదేళ్ళు పెద్ద, గొంతు మాత్రం పదిమంది పెట్టు. మొదటిరోజు నేను సూది చూసి కళ్ళు మూసుకుంటే, "ఏరా, పెళ్ళికూతురిలాగా ఆ సిగ్గేంది? తెరువు కళ్ళు" అన్నాడు. ఆ రోజు నుంచి మా స్నేహం. చుక్కనీరు కూడా కొలిచి తాగాల్సిన బతుకులు మావి. ఆ మంచాల మీద పడుకుని ఇద్దరం తాటిముంజల గురించి, చెరుకురసం గురించి, కుండలో నీళ్ళ గురించి బూతు కథలు చెప్పుకున్నట్టు గుసగుసగా చెప్పుకునేవాళ్ళం.

తర్వాత ఒంగోలు వైపు మిషన్ల కేంద్రం ఒకటి తెరిచారు. కోటయ్యన్నకి అది దగ్గర. వెళ్ళిపోయాడు. వెళ్ళాక నెమ్మదిగా సాకులు వెతకడం మొదలుపెట్టాడు. ఒకసారి వెళ్తాడు, ఒకసారి మానతాడు. ఫోను చేస్తే, "ఎందుకురా ఈ మిషను బతుకు? పంట లేదు, పని లేదు. నేను పోయినా నా గేదెకి తప్ప ఎవరికీ తెలియదు" అనేవాడు. ఆయన భార్య ఎప్పుడో పోయింది. కూతురు జ్యోతికి ఒంగోల్లో ఉద్యోగం. ఒక రోజు మానితే కాళ్ళు వాస్తాయి, రెండు రోజులు మానితే ఆయాసం. మూడోది మానితే ఏమవుతుందో మా వార్డులో ఖాళీ అయిన మంచాలకి తెలుసు.

నేనూ ఇంట్లో గోడలు చూస్తూ కూర్చునేవాణ్ణే. మిరపకోతలకి భారతి పొలం వెళ్తుంటే, ఇంటి కాపలాకి నేనూ మా కుక్కా పోటీపడేవాళ్ళం. కుక్కే నయం, మొరిగేది. అలాంటి రోజుల్లో ఒకసారి పాత పెళ్ళికార్డు ఒకటి కత్తిరించి, ఎండుమిరపకాయ తొక్కతో ఎర్రటి ఎద్దుబొమ్మ అంటించి, "అన్నా, మంగళవారం మిషనుకి వెళ్ళు" అని రాసి పోస్టులో వేశాను. నాలుగు రోజులకి ఫోను.

"ఒరేయ్ సుబ్బారావ్! నీ కార్డు వచ్చిందిరా. గాడిద బొమ్మ వేశావేంది?"

"అది ఎద్దన్నా."

"ఎద్దయితే కొమ్ములేవిరా?"

"మిరపతొక్క చాల్లేదన్నా."

"పోస్టుమేను ఊరంతా చూపించి మరీ ఇచ్చాడు. నాకు బ్యాంకు నోటీసు కాకుండా ఉత్తరం రావడం నా పెళ్ళి తర్వాత ఇదేరా." వెంటనే గొంతు పెంచాడు. "సరే. మంగళవారం పోతాలే. కానీ చూడు, కార్డు వచ్చిన వారం పోతా. రాని వారం పోను. ఇక నీ ఇష్టం."

బెదిరింపుగా అన్నాడు గానీ, నాకు ఉద్యోగం ఇచ్చాడు. జీతం లేకపోయినా ఇంతకంటే పెద్ద ఉద్యోగం నేను చెయ్యలేదు. ప్రతివారం ఒక కార్డు. దూదితో కొంగలు, మిరపగింజలతో చేపలు, కందిపొట్టుతో పొదిలి కొండ. ఆయన కోసం మొదలైంది, ఊళ్ళు మారిపోయిన మిగతా వార్డువాళ్ళకీ పాకింది. ఎడమచెయ్యి మిషనుకి, కుడిచెయ్యి కత్తెరకి. మిషన్రోజు మర్నాడు ఒళ్ళంతా పిండేసిన బట్టలాగా ఉన్నా, బంక ఆరేదాకా పడుకునేవాణ్ణి కాదు. ఎవరో నా కార్డు కోసం ఎదురుచూస్తున్నారంటే, నా ఒళ్ళు నాకు కొంచెం గౌరవం ఇచ్చేది.

ఇక ప్రళయం దగ్గరికి వద్దాం.

నేను మిషనెక్కి ఏడాది నిండింది. ఏడాది బతికానని అందరికీ చాటాలనిపించింది. నా దగ్గర మంచి అట్ట అయిపోయింది. ప్రింటింగు ప్రెస్సతను, "మిగిలిపోయినవి, ఎందుకూ పనికిరావు, తీసుకుపో" అని ఒక కట్ట ఇచ్చాడు. దళసరి తెల్ల అట్టలు, చుట్టూ సన్నటి నల్లంచు. ఎంత అందంగా ఉందో! ఫ్రేము కట్టినట్టుంది. ఎందుకు మిగిలాయి, ఎవరి కోసం కొట్టారు అని అడిగే పాటి తెలివి నాకు లేదు. అట్టని మధ్యకి మడిచాను. పైన నా ఫోటో అంటించాను. నవ్వకుండా, నిటారుగా, తెల్లచొక్కాతో ఉన్నదే నాకు మిగిలింది. ఫోటో ఊరికే ఉంటే బోసిగా ఉందని చుట్టూ దూదిపింజలతో చిన్న దండ అంటించాను. పాఠకులారా, మీరు ఇప్పటికే తల పట్టుకుని ఉంటారు. నేను మాత్రం దూరం పెట్టి, దగ్గర పెట్టి చూసుకుని మురిసిపోయాను.

లోపల ఉత్తరం. మనసంతా పెట్టి రాశాను. కోటయ్యన్నది అన్నిటికంటే పొడుగు. కవర్లు లేవు కాబట్టి వెనకవైపే అడ్రసు రాసి, అన్నిటినీ డబ్బాలో వేసి వచ్చాను. ఒకటి మాత్రం భారతికి చూపిద్దామని ఉంచాను.

సాయంత్రం ఆమె పొలం నుంచి వచ్చింది. చేతులు మంటలు పుడుతున్నాయని కొబ్బరినూనె రాసుకుంటోంది. కార్డు చూపించాను. నూనెగిన్నె కింద పడింది.

"ఎవరు చేశారు ఇది?"

"నేనే. బాగుందా?"

"నల్లంచు కార్డు మీద ఫోటో పెట్టి దండేశావు! పెద్దకర్మ కార్డయ్యా ఇది! నీ చావు నువ్వే పంచావా?"

"లోపల చదివితే తెలుస్తుందిగా, నేను బతికే ఉన్నానని."

"చావు కార్డు లోపల ఎవడు చదువుతాడు? గడప దాటకుండానే చింపి పారేసి నీళ్ళు పోసుకుంటారు!"

నిజమే. మా అమ్మా అలాగే చేసేది. పేరు చూసి, అయ్యో అని, వాకిట్లోనే చింపి, తలమీద నీళ్ళు పోసుకునేది. నేను రాసినదంతా ఎవరి గడప ముందో ముక్కలై ఎగురుతుంది.

డబ్బా అప్పటికే ఖాళీ. నాకు తోచిన వాళ్ళందరికీ ఫోన్లు చేశాం, కొందరే దొరికారు. కోటయ్యన్న ఫోను మాత్రం ఎన్నిసార్లు చేసినా స్విచ్చాఫ్. ఛార్జింగు పెట్టడం ఆయనకి గేదెకి గడ్డి వెయ్యడమంత గుర్తుండదు. జ్యోతి ఫోను మోగుతోంది గానీ ఎత్తలేదు.

రెండో రోజు నుంచి కార్డులు చేరడం మొదలైంది. మా మేనత్త కొడుకు భారతి ఫోనుకి చేశాడు, నేనెత్తాను.

"అమ్మా భారతీ, ఎప్పుడు జరిగింది తల్లీ?"

"జరగలేదు బావా. నేనే మాట్లాడుతున్నా."

అవతల పెద్ద చప్పుడు. ఫోను పడిందో బావే పడ్డాడో ఇప్పటికీ చెప్పడు. ఇంకొకాయన అరటిగెల తీసుకుని వచ్చి, అరుగు మీద నన్ను చూసి, గెల నా చేతికివ్వాలో వెనక్కి పట్టుకుపోవాలో తెలియక నిలబడ్డాడు. ఈ కిడ్నీ జబ్బుకి అరటిపండు తినకూడదన్నాను. "బతికున్నవాడివి తినకపోతే ఎట్టా?" అని ఆయనే తినేశాడు.

అప్పటిదాకా నవ్వుకున్నాం. మధ్యాహ్నం భారతికి జ్యోతి ఫోను వచ్చింది. ఏడుస్తోంది.

"పిన్నీ, బాబాయి ఎప్పుడు పోయాడు? నాన్న పొద్దున కార్డు చూసి, ముక్కలు చేసి, బస్సెక్కాడంట. ఈ రోజు మిషన్రోజు. కిందటిసారీ పోలేదు. పక్కింటోళ్ళు పొమ్మంటే, ఇక ఎవడి కోసం పోవాలి అన్నాడంట."

ఆ తర్వాత గంటలు ఎలా గడిచాయో చెప్పలేను. పొదిలి నుంచి రెండు బస్సులు మారాలి. ఎండ. నీళ్ళు దిగిన ఊపిరితిత్తులు. దారిలో ఎక్కడ కూలబడతాడో అని నేను మా ఊరి బస్సుస్టాపులో నిలబడ్డాను. వచ్చిన ప్రతి బస్సులోకీ తొంగిచూశాను. ఒక మనిషిని బతికించడానికి కార్డులు చేశాను, చివరికి అదే చేత్తో... ఈ వాక్యం పూర్తి చెయ్యడం నాకు ఇప్పటికీ రాదు.

పొద్దు వాలుతుండగా దిగాడు. రెండు కాళ్ళూ దిమ్మెల్లాగా వాచాయి. చెప్పులు చేతిలో ఉన్నాయి. ఇంకో చేతిలో బంతిపూల దండ. ఊపిరి అందక స్తంభం పట్టుకుని నిలబడ్డాడు. నన్ను చూశాడు. చాలాసేపు చూశాడు. నేను దగ్గరికి వెళ్ళి, "అన్నా, నేనే" అన్నాను.

దండ తీసి నా మొహాన కొట్టాడు.

"లంజకొడకా! చచ్చావనుకున్నాను గదరా!"

"తప్పైందన్నా."

"దారంతా ఏడ్చానురా! కండక్టరు టిక్కెట్టు కూడా అడగలేదు!" అని, అక్కడే నేలమీద కూర్చుని, నన్ను పట్టుకుని మళ్ళీ ఏడ్చాడు. బతికున్నవాణ్ణి పట్టుకుని అంతలా ఏడ్చిన మనిషిని నేను చూడలేదు. నన్ను పట్టుకుని ఏడ్చినవాణ్ణి అసలే చూడలేదు.

ఆటోలో గుంటూరు పరిగెత్తించాం. వార్డులో సిస్టరమ్మ మమ్మల్నిద్దర్నీ చూసి, మిషను మీద ఒకర్ని పెట్టాలా ఇద్దర్నా అంది. ఆయన్ని పాత మంచం మీదే పడుకోబెట్టింది. మిషను తిరగడం మొదలయ్యాక, ఆయన ఊపిరి కొంచెం కుదుటపడ్డాక, పైకప్పు చూస్తూ అడిగాడు.

"ఒరేయ్. లోపల ఏం రాశావురా?"

"చదవలేదా?"

"చింపేశానుగా. ఏం రాశావు?"

చెప్పాను. సిగ్గుపడుతూ చెప్పాను. "ఏడాది బతికాను అన్నా. అందులో సగం నీ కోసమే బతికాను. కార్డు వెయ్యాల్సిన వారం చావకూడదు గదా. నువ్వు మిషను మానితే నాకు పని పోతుంది. నా పని తీసెయ్యకు" అని రాశాను.

మిషను టకటకమంటోంది. ఆయన ముక్కు చీది అన్నాడు: "నేను నీకంటే ముందు పోనురా. పోతే నా కార్డు నువ్వే చేస్తావు. కొమ్ముల్లేని గాడిదని చేస్తావు. ఆ అవమానం నాకొద్దు."

ఆ పట్టుదల మీద ఆయన మళ్ళీ ఒక్క మిషన్రోజూ మానలేదు. అందరికీ నన్ను 'కీర్తిశేషులు సుబ్బారావుగారు' అని పరిచయం చేసి ఏడిపించడమూ మానలేదు. మా పెళ్ళిరోజున ఫోను చేసి, "స్వర్గంలో నీళ్ళు ఎంత తాగినా అడగరంటగా?" అన్నాడు. ఇంకో రెండు మిరపపంటలు చూశాడు. పోయిన వానల్లో, మిషను నుంచి ఇంటికొచ్చి, గేదెకి గడ్డేసి, అరుగుమీద పడుకున్నవాడు లేవలేదు. గుండె ఆగిందన్నారు. మాట తప్పాడు అని నేనన్నాను. ఎవరు ముందు పోతారన్న పందెం నేను గెలిచాను. గెలిచినవాడు ఇంట్లోకి వెళ్ళి తలుపేసుకున్నాడు.

తర్వాతివారం అలవాటుగా అట్ట తీసి, అడ్రసు రాయబోయి, చెయ్యి ఆగిపోయింది. ఆ పూటే జ్యోతి ఫోను చేసింది. "బాబాయ్, నాన్న కార్డు నువ్వే చేస్తావా?"

అందుకని, మీ అందరి సమక్షంలో, కత్తెర మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను: ఇక ఈ జన్మలో బతికున్నవాడి పేరున నల్లంచు కార్డు పంపను. ఆ మాటకొస్తే, పోయినవాడి పేరున కూడా పంపలేదు. కోటయ్యన్న కార్డుకి కందిపూల పసుపు రంగు అంచు వేశాను. పైన ఆయన గేదె పక్కన పళ్ళన్నీ కనబడేలా నవ్వుతున్న ఫోటో. దాని కింద, "కోటయ్య మిమ్మల్ని భోజనానికి రమ్మంటున్నాడు." అంతే. మిగతాదంతా లోపల.

పెద్దకర్మ రోజు పొదిలి వెళ్ళాను. పంక్తిలో ఒక పెద్దాయన నన్ను పట్టుకుని కేకలేశాడు.

"నువ్వేనా ఆ కార్డులు చేసింది? గృహప్రవేశమనుకుని ఇంట్లోకి పట్టుకుపోయామయ్యా! మా ఆడవాళ్ళు దేవుడి గూట్లో పెట్టారు! తీరా విప్పి చదివితే కోటయ్య కబురు!"

"అయ్యో. మరి చింపేశారా?"

"ఎట్టా చింపుతాం? అంత నవ్వుతుంటే!" అన్నాడు. ఆ మాటతో ఆయన కోపం కాస్తా కళ్ళల్లోకి నీళ్ళై దిగింది. "అక్కడే ఉందిలే."

లేచి చేతులు కడుక్కుని, కుర్చీలో పెట్టిన కోటయ్యన్న ఫోటో దగ్గరికి వెళ్ళి, ఎవరూ వినకుండా చెవి దగ్గర చెప్పాను. "అన్నా, నా కార్డు చదవకుండా వాకిట్లోనే చింపావు. నిన్ను మాత్రం ఇంటింటా లోపల పెట్టించాను. చెల్లుకు చెల్లు."