హయాత్ మెడలో తువ్వాలు

ఇప్పటికీ మార్చి ఎండల్లో గుంటూరు యార్డు వైపు నుంచి మిరపఘాటు కొడితే నాకు తుమ్ము కన్నా ముందు జోహరాబీ గుర్తొస్తుంది. ఎనభై నాలుగులో మా మెడికల్ కాలేజీ ఎలుకల గదికి ఆయా ఆవిడ. అబ్బో, ఏం నోరు! ప్రొఫెసరు గారి చేత కూడా గుమ్మంలోనే చెప్పులు విప్పించేది. ఎలుకలకు మాత్రం "నా తండ్రే, నా బంగారమే" అంటూ గింజలు పెట్టేది.

నేనప్పుడు అక్కడే పరిశోధన చేస్తున్నాను. పుట్టుకతోనే ఒక జన్యువు చెడిన తెల్ల చిట్టెలుకలు మావి. పెరిగేకొద్దీ గొంతులో, థైరాయిడ్ దగ్గర, కణితి లేచేది. వింతేమిటంటే మగవాటికే ముందు లేచేది. ఆడవాటికి బాగా ఆలస్యం. అదెందుకో తేల్చడమే నా పని.

"ఇదేం చోద్యమండీ డాక్టరమ్మగారూ! గొంతుగడ్డ ఆడోళ్ళ జబ్బు కదా?" అంది జోహరాబీ ఓ రోజు.

"మనుషుల్లో ఆడవాళ్ళకే ఎక్కువ. అలాగని మగవాళ్ళకు రాకుండా పోదు," అన్నాను.

అంతే, నీళ్ళసీసా కింద పెట్టి బావురుమంది.

ఆవిడ భర్త హయాత్ యార్డులో మిరప బస్తాలు మోసేవాడు. ఘాటుకి అక్కడ అందరూ మూతికీ మెడకీ తువ్వాళ్ళు చుట్టుకునేవాళ్ళే. అతని గొంతు బొంగురుపోతే మిరపకాయల వల్లే అనుకున్నారు. తువ్వాలు కింద గడ్డ పెరుగుతోందని ఆవిడొక్కదానికే తెలుసు.

"ఆస్పత్రికి రమ్మంటే, ఆడోళ్ళ రోగమని యార్డంతా నవ్వుద్ది, చస్తే రానంటాడండీ. ముద్ద దిగట్లేదు మూర్ఖుడికి!"

నాకు ఒళ్ళు మండింది. "రేపు ఇక్కడికి లాక్కురా!" అన్నాను.

లాక్కొచ్చింది. బోనులోంచి ఓ బలిసిన మగ ఎలుకను తీసి, దాని గొంతు మీద అతని వేలు పెట్టించింది.

"చూడవయ్యా, ఇదీ మగాడే! నీకన్నా పొగరు దీనికి."

హయాత్ ఆ గడ్డను చాలాసేపు నిమిరాడు. తర్వాత తన తువ్వాలు తనే విప్పి నాకు మెడ చూపించాడు.

ఆపరేషన్ అయింది. గండం గడిచింది. కొన్నాళ్ళకు బోడి మెడతో, కుట్ల మచ్చతో, గుప్పెడు వేరుశనక్కాయలు పట్టుకుని ఎలుకల గదికి వచ్చాడు.

"మనోడేడే?" అన్నాడు జోహరాబీతో.

మగవాటన్నిటినీ అంతకు ముందే పరీక్ష కోసం కోసేశాం. మిగిలినవి ఆడవే, ఇంకా గడ్డ లేవనివి. అయినా జోహరాబీ తడుముకోలేదు. ఓ ఆడ ఎలుకను తీసి అతని అరచేతిలో పెట్టింది.

"ఇదుగో, నీ కోసమే చూస్తన్నాడు."

హయాత్ దాని గొంతు వేలితో తడిమాడు. మొహం విప్పారింది.

"వీడికీ తగ్గిపోయిందే!" అన్నాడు.