అల్ ఖూద్‌లో ఉపవాసం

ఇది రెండు వేల ఎనిమిది నాటి మాట. ఒమన్‌లో ఉన్నాను. మస్కట్ వెళ్లే టాక్సీ ఎంతకీ రాలేదు. ఎండకు తాళలేక అల్ ఖూద్‌లో, యూనివర్సిటీ పిల్లలతో కిక్కిరిసిన చిన్న వెనిజులా హోటల్లో కూర్చున్నాను. ఆ రోజు మా చర్చి సంఘమంతా ఉపవాసం. సాయంత్రం ఉపవాసం మీద వాక్యం చెప్పవలసింది నేనే. ఆలస్యమవుతుందని ఫోన్‌లో చెబుతూ, మాటిమాటికీ రోడ్డు వైపు చూస్తున్నాను.

నా తెలుగు విని ఒకామె ప్లేటుతో వచ్చి ఎదురుగా కూర్చుంది. కడప వైపు మనిషి, ఒక ఇంట్లో పనికి ఉందట. యజమాని కూతురు ఆమెకు తిండి కొనిచ్చి, పక్క దుకాణంలో పుస్తకాలు చూసుకుంటోంది.

ప్లేట్లో మందపాటి మొక్కజొన్న రొట్టె, మధ్యలో నల్ల చిక్కుళ్లు, చీజ్. ఆమె దాన్ని విరిచి సగం నా వైపు జరిపింది.

“తినన్నా. మన జొన్నరొట్టె మాదిరే ఉండాది.”

“ఉపవాసమమ్మా. నువ్వు తిను.”

“రెండేండ్లాయె, వంటింట్లో ఒక్కదాన్నే తింటాండా. ఎదురుగా మనిషి కూచోని తింటే ఎట్లుంటాదో మర్చిపోయినా. ఒక్క ముక్క తినన్నా, దేవుడేమన్నా కొడతాడా?”

నవ్వుతూనే అడిగింది. ముక్క చేతిలోకి తీసుకున్నాను. సాయంత్రం ఏ ముఖంతో బోధించాలనిపించి మళ్లీ ప్లేట్లో పెట్టేశాను.

బయట యజమాని కూతురి కారు హారన్ మోగింది. ఆమె తన సగం కూడా ముట్టకుండా, రెండు ముక్కలూ కాగితంలో చుట్టుకుని లేచింది.

“వంటింట్లో తింటాలే అన్నా.”

ఆ సాయంత్రం వాక్యం బాగా చెప్పానని అందరూ అన్నారు. ఉపవాసం చేసినందుకు నేను దేవుణ్ణి క్షమాపణ అడిగింది ఆ ఒక్కసారే.