పూత పట్టని చిక్కుడు తీగ

మా చిన్నప్పుడు... ఖాజాగూడలో మా కొట్టం మీద ఆకు తప్ప పైకప్పు కనపడేది కాదు. అంతా చిక్కుడు తీగే. వానలు మొదలవగానే అమ్మ గింజ పెట్టేది. దీపావళి దాటి చలి ముదిరితే చాలు, ఊదారంగు పూత గుత్తులు గుత్తులు... వాడకట్టంతా వచ్చి ఒడి నిండా కాయలు కోసుకుపోయేవాళ్ళు. అమ్మ ఎవరినీ వద్దనేది కాదు.

ఒక్కటే షరతు. విత్తనానికి వదిలిన కాయలకు పాత చీర పేలిక కట్టేది... వాటిని ముట్టుకుంటే మాత్రం వీపు విమానం మోతే. నేను రెండుసార్లు దెబ్బలు తిన్నాను కూడా. ఎండిన గింజలను పిడకల బూడిదలో కలిపి, గురిగిలో... అదే, చిన్న మట్టికుండలో పోసి, మూతికి గుడ్డ కట్టి దాచేది. ఎన్ని ఉన్నా సగమే పెట్టేది. తీగ పోయినా గింజ మిగలాలనేది.

ఆ కొట్టం ఎప్పుడో పోయింది. అమ్మ కూడా పోయాక, ఆ గురిగిలో ఏడంటే ఏడు గింజలు దొరికాయి. పాతబడ్డాయి, మొలుస్తాయో లేదోనన్న భయంతో పోయిన వానాకాలం ఏడూ ఒకేసారి పెట్టేశాను. కొత్తగూడలో మా అపార్ట్‌మెంటు బాల్కనీలో, కుండీలో... రెండు మొలిచాయి. ఆ రోజు నా సంబరం చూడాలి... అమ్మే తిరిగొచ్చినట్టు అనిపించింది.

తీగలు ఏపుగా పెరిగాయి. గ్రిల్లంతా కమ్మేసి పై అంతస్తుకు పాకాయి. దీపావళి వెళ్ళింది... చలికాలమంతా వెళ్ళింది... ఒక్క మొగ్గ లేదు. ఎరువేశాను, పుల్లటి మజ్జిగ పోశాను, ఆఖరికి తిట్టాను కూడా.

మా ఫ్లోర్ ఊడ్చే యాదమ్మది పాలమూరు వైపు పల్లె. ఒకరోజు నీళ్ళు తాగడానికి లోపలికి వచ్చి తీగను చూసింది. తర్వాత ఎదురుగా ఉన్న అద్దాల ఆఫీసును చూసింది. తెల్లవార్లూ దాని లైట్లు మా బాల్కనీ మీదే పడుతుంటాయి.

"గీడ చీకటైతలేదక్కా" అంది. "పొద్దుగూకుడే లేకుంటె చిక్కుడెట్ల పూస్తది? మా ఊర్ల గుడ స్తంభం లైటు కింద పెట్టిన తీగ గిట్లనే పూయలే."

ఆ సాయంత్రం నుంచే తీగకు దుప్పట్లు కప్పడం మొదలుపెట్టాను. అప్పటికే ఆలస్యమైంది. ఎండలు ముదిరి ఆకులన్నీ రాలిపోయాయి, గ్రిల్‌కు చుట్టుకున్న ఎండు తీగ మిగిలింది. అమ్మకు వాళ్ళమ్మ ఇచ్చిన గింజ అది... నా చేతుల్లో ఆగిపోయింది. ఏడుపొస్తోంది, ఏం చేయను.

మీ ఇళ్ళల్లో పాత చిక్కుడు గింజలుంటే నాకు మాత్రం పంపకండి... ఎక్కడ పెట్టుకోను? రాత్రిళ్ళు ఇంకా చీకటి పడే ఊళ్ళో మీరుంటే, మీరే పెట్టండి. పూత వస్తే ఇక్కడ ఒక్క మాట రాయండి... చదువుకుంటాను.