బంపర్‌కు పెట్టిన కాపడం

తెలంగాణ వచ్చి రెండు మూడేండ్లు అయి ఉంటది. చలికాలం. నేను ఇబ్రహీంపట్నంల సాగర్ రోడ్డు మీద ఒక డెంటింగ్, పెయింటింగ్ షెడ్డుల రబ్బింగ్ పని చేస్తుంటి. ఒకనాడు పొద్దుగాల మా ఖాజా ఉస్తాద్ నన్ను పిలిచి, బాలమణీ, ఇయ్యాల రుద్దే పేపర్ ముట్టకు, ఫిట్టింగ్‌కు పోవాలె, ఒక్కదానివే పోవాలె అన్నడు. నన్ను బయట పనికి పంపుడు గదే మొదలు. ఆ ఒక్క దినం ముచ్చటనే చెప్తున్న. నాకు సంతకం కాడికే వచ్చు. నేను చెప్తుంటే మా బిడ్డ రాస్తున్నది.

షెడ్డుల ఎవలి మెట్టు వాళ్లకు ఉంటది. అందరికన్న పైన ఉస్తాద్. ఆయన కింద డెంటర్, అంటే సొట్టలు తీసేటోడు. తర్వాత పెయింటర్. రబ్బింగ్ చేసేటోళ్లు అందరికన్న కింద. పుట్టీ పెట్టి ఆరినంక నీళ్లు పోసుకుంట వాటర్ పేపర్‌తోని రుద్దాలె, అరచెయ్యి పెట్టి చూస్తే ఎక్కడ పుట్టీ, ఎక్కడ రేకు తెల్వద్దు. చేతులు ఎప్పుడు నానే ఉంటయి. వేళ్ల గీతలు అరిగిపోయి రేషన్ దుకాణంల మిషిన్ మీద నా వేలు పడకపోతుండె. ఫిట్టర్ సంగతి వేరు. ఆయన తయారైన బండి మీద, కస్టమర్ కండ్ల ముందట చెయ్యి పెట్టేటోడు.

మా ఇంటాయన అంజయ్య అదే షెడ్డుల పెయింటర్. ఆయన సచ్చిపోయినంక ఉస్తాద్ మా ఇంటికొచ్చి, నువ్వు ఇంట్ల కూసుంటే పిల్ల ఎట్ల బతుకుతది, రేపటి సంది షెడ్డుకు రా అన్నడు. మగోళ్ల నడుమ ఆడిమనిషికేం పని అని శాన మంది అన్నరు. ఉస్తాద్ నాకు ఒక బకెట్, ఒక పేపర్ ఇచ్చి, ముందుగాల పాత డోర్ మీద రుద్దుమన్నడు. చేతులు తిరిగినంక కిటికీల మీది వైజర్లు, డోర్ల మీది మోల్డింగు పట్టీలు అంటించుడు గుడ నేర్పిండు. గది షెడ్డు లోపటనే, పాత బండ్ల మీద.

ఆ దినం ఫిట్టింగ్ చేసే సలీం చెల్లె పెండ్లికి ఊరికి పోయి ఉండె. ఉస్తాద్ నాకు సాఫ్ చెప్పిండు. పని మంచిగైతే ఇగ నువ్వు ఫిట్టింగే. వాళ్లు వాపస్ పంపితే మాత్రం మల్ల నిన్ను బయటికి పంపుడు నాతోని కాదు, కస్టమర్ మాటకు నేను ఎదురు చెప్పలేను. అప్పటికే నా కుడి భుజం పైకి లేస్తలేదు. పొద్దంత రుద్దితే రాత్రికి కొప్పు ముడుసుకునుడు కష్టమైతుండె. రబ్బింగ్ ఇంక శాన దినాలు చెయ్యలేనని నాకెరుకే. ఫిట్టింగ్ రాకపోతే షెడ్డే ఇడిసిపెట్టాలె.

బండి నవీన్ అనే పిలగానిది. ఆదిభట్ల దిక్కు ఉద్యోగం. రెండు డోర్ల స్పోర్ట్స్ కారు, ఎర్రది, సెకండ్ హ్యాండ్ల కొన్నడు. నేలకు ఆనుకున్నట్టే ఉంటది. మా షెడ్డు ముందట నీళ్ల పైపుల కోసం రోడ్డు తవ్వి పోసిండ్రు, ఆ బండి దాటి రాదు. అందుకే వాళ్ల ఇంటి కాడ్నే బిగించాలె. సామాన్ ఆయననే తెప్పిచ్చుకున్నడు. ముందట బంపర్ కింద పెదవి లెక్క ఉండే లిప్, పక్కలకు డోర్ల కింద పట్టీల లెక్క రెండు సైడ్ స్కర్టులు, డిక్కీ మీద రెక్క అసుంటి స్పాయిలర్. వీటితోని బండికి ఉరుకుడు ఏం పెరగది. సూపుకు మంచిగుంటది, అంతే.

వాళ్ల ఇల్లు ఊరి అంచున, చుట్టు గోడ, ముంగట వాకిలి. ఇంట్ల నవీన్, వాళ్ల అమ్మ సుగుణమ్మ, నాయనమ్మ. నాయన పొలం కాడికి పోయిండు. నేను సంచి దించి డబ్బాలు ఇప్పుతుంటే సుగుణమ్మ పళ్లెంల కొబ్బరికాయ, నిమ్మకాయలు, నూనెల కలిపిన పసుపు, కుంకుమ పట్టుకొని వచ్చింది. నన్ను చూసింది. నా నొసలు చూసింది. మీ ఇంటాయన ఏం పని చేస్తడమ్మా అని అడిగింది. లేడక్కా, ఆయన పోయినంకనే నేను ఈ పనికి వచ్చిన అన్న.

ఆమె కొడుకును పక్కకు పిలిచింది. వాకిలి ఎంతుంటది, అన్ని ఇనబడ్డయి. షెడ్డుకు ఫోన్ చెయ్యి, ఇంకెవలనన్న పంపమను, కొత్త సామాన్ మీద ఆమె చెయ్యి పడొద్దు అన్నది. అమ్మా, ఆమె పని ఆమె చేసుకుంటది, నువ్వు లోపటికి పో అన్నడు నవీన్. నీ కాల్ల రాడ్ ఏసి ఇంక ఏడాది గాలే, మల్ల గా దవాఖాన వరండల నేను పండుకోను అన్నది ఆమె. పిలగాడు బైక్ మీద పడి కాలు ఇరిగిందని నాకు గప్పుడు తెలిసింది. ఆమె మీద నాకు కోపం రాలే. నా బిడ్డ పడి ఉంటే నేను గుడ ఎన్ని చూసేదాన్నో.

నేను డబ్బా మూతలు మల్ల ఏస్తున్న. అరుగు మీద కాళ్లు సాపుకొని కూసున్న నాయనమ్మ మాట్లాడింది. ఆ అవ్వకు మోకాళ్లు పట్టేసినయి, ఒక మోకాలికి తువ్వాల చుట్టి ఉన్నది. పిల్లా సుగుణా, పొద్దుగాల లేసి పొయ్యి ముట్టిచ్చేది ఎవలు అని అడిగింది. నువ్వే అత్తా అన్నది కోడలు. నాకేడున్నడే మొగడు? నేను ముట్టిచ్చిన పొయ్యి మీది చాయ్ రోజు తాగుతున్నవు, నీకేమైంది? మంచిగ దొడ్డుగైనవు అన్నది అవ్వ.

నవీన్ మొకం తిప్పుకొని నవ్విండు. సుగుణమ్మకు నవ్వు రాలే, గని నన్ను పొమ్మనలే. అప్పుడు నేనే అన్న, అక్కా, ముందుగాల నువ్వు ముట్టు. బొట్టు పెట్టు, కొబ్బరికాయ కొట్టు, తర్వాతనే నేను చెయ్యి పెడత. ఒక్కటే చెప్తున్న, నూనె పసుపు బానెట్ మీద పెట్టుకో, బంపర్ కింద వద్దు, నూనె తగిలిన కాడ ఈ సామాన్ అంటించే టేపు పట్టది. ఆమె అట్లనే చేసింది. బానెట్ మీద బొట్టు, టైర్ల కింద నిమ్మకాయలు. లిప్ రెండు చేతుల పట్టుకొని కండ్లకు అద్దుకొని నా ముందట పెట్టింది.

ఫిట్టింగ్ల మొదలు టేపు ఇప్పొద్దు. సామాన్‌ను ఉత్తగనే ఆనిచ్చి చూడాలె, ఎక్కడ కూసుంటది, ఎక్కడ లేస్తది అని. లిప్ ఆనిచ్చి చూస్తే ఎడమ దిక్కు కొస పైకి లేసి ఉన్నది. ఏ గోదాంల దాని మీద ఏం బరువు పెట్టిండ్రో, వంకర వచ్చింది. అది రబ్బరు కలిసిన ప్లాస్టిక్, వేడి తగిలితే మెత్తబడి మాట ఇంటది. అందుకు హీట్ గన్ ఉంటది, ఆడోళ్లు ఎంటికలు ఆరవెట్టుకునే మిషిన్ అసుంటిదే, గని దానికన్న మస్తు వేడి. వైరు పెట్టి బటన్ ఒత్తిన. జర సేపు తిరిగి ఆగిపోయింది. కరెంట్ పోయింది.

చూసినవా, చెయ్యి పెట్టంగనే పోయింది అన్నది సుగుణమ్మ.

ఊరంతటికి పోయింది గదనే, ఊరంతట ఈమెనే ముట్టిందా అన్నది అవ్వ.

నవీన్ ఫోన్ల కనుక్కున్నడు. లైన్ పని నడుస్తున్నది, మాపటి దాక రాదన్నరు. నేను ఉస్తాద్‌కు ఫోన్ చేసిన. ఆయన అన్నడు, గరం చెయ్యకుంట అంటియ్యకు, జబర్దస్తీ చేస్తే ఇయ్యాల పడతది, రేపు ఊసి వస్తది. చలికాలం టేపు అసలే బద్ధకం చేస్తది. కాకపోతే వాపస్ రా. నేను వాపస్ పోతే, సలీం వచ్చినంక ఈ పని సలీంకే పోతది, నేను మల్ల బకెట్ కాడికి పోత.

నవీన్ గట్టిగ ఒత్తి అంటిద్దాం ఆంటీ, స్క్రూలు పట్టుకుంటయి గద అన్నడు. గాదు బిడ్డా, స్క్రూ గుంజుతది, కొస లేస్తది, నడుమ పలుగుతది అన్న. అయితే ఏం చేద్దాం అన్నడు. ఎండల పెడదామన్న. ఎండ పల్చగ ఉన్నది. చెయ్యి పెడితే ప్లాస్టిక్ సల్లగనే ఉన్నది.

సుగుణమ్మ ఇసుక్కున్నది. ఉత్త వేడే గావాలంటే గింత పరేషానేంది, మీ నాయనమ్మ మోకాలికి పెట్టినట్టు కాపడం పెట్టుండ్రి అన్నది. ఎక్కిరింతకే అన్నది. నేను, నవీన్ ఒకలనొకలం చూసుకున్నం. అక్కా, నీళ్లు ఎంత వేడి పెడతవు అని అడిగిన. ఆమె నన్ను చూసింది, నేను నిజంగనే అడుగుతున్న అని అర్థమైంది. అత్తకైతే చెయ్యి ఓర్సుకునే అంత, దీనికైతే మసిలే నీళ్లే పెట్టొచ్చు గద, దీనికి తోలు లేదు అన్నది.

వాకిట్ల నీళ్లు కాగవెట్టే పొయ్యి ఉన్నది. ఆమెనే కట్టెలు ఎగదోసింది. పాత తువ్వాలలు తెచ్చింది. తువ్వాల నడుమ భాగం కాగే నీళ్లల్ల ముంచి, పొడి కొసలు రెండు పట్టుకొని ఇటు అటు మెలి తిప్పి పిండుతుంటే నేను చూసుకుంట నిలబడ్డ. చెయ్యి కాలది, నీళ్లు కారయి. రోజు చేసే చెయ్యి అది. పిండిన తువ్వాల తెచ్చి లిప్ వంకర కాడ చుట్టింది. పైన పొడి గుడ్డ కప్పు, లేకపోతే వేడి గాలికి పోతది అని అవ్వ అరుగు మీదికెల్లి చెప్పింది. నేను కొస పట్టుకొని మెల్లగ కిందికి ఒంచుకుంట వచ్చిన. మొదట ఇనలే. తువ్వాల సల్లారంగనే ఇంకొకటి, అది సల్లారంగనే మల్లొకటి. మా ఇద్దరి నడుమ పట్టు, ఇడువు, ఇంక జర అనుడే. జర సేపటికి ప్లాస్టిక్ నా చేతుల మెత్తబడ్డట్టు తెలిసింది. బంపర్ వంపుకు ఆనిచ్చి పట్టుకున్న. సుగుణమ్మ తువ్వాల తీసి సల్ల నీళ్లు పోసింది. చెయ్యి తీసి చూస్తే కొస లేస్తలేదు, మంచిగ ఆనుకొని కూసున్నది.

సుగుణమ్మ వంగి, ఆ కొస మీద వేలు పెట్టి ఒత్తి చూసింది. ఇప్పుడు అంటించు అన్నది.

అక్కడికెల్లి పని సాఫీగ పోయింది. నీళ్ల తడి లేకుండ ఎండకు ఆరవెట్టినం. అంటించే జాగ స్పిరిట్‌తోని తుడిసిన. టేపు మీద ఎర్ర పొర ఉంటది, దాన్ని అంత ఒకటేసారి పీకొద్దు. కొసలు జర తీసి బయటికి మలిచి పెట్టాలె, సామాన్ సరిగ్గ ఆనినంక ఆ కొసలు గుంజుకుంట పోవాలె, వెనుక ఒత్తుకుంట రావాలె. కింద స్క్రూలు బిగించిన. సైడ్ స్కర్టులకు వంకర లేదు, అయినా సల్లగ ఉన్నయని సుగుణమ్మ అడగకముందే తువ్వాల పిండి తెచ్చింది. బండి మీద టేపు అంటుకునే జాగ గుడ అట్లనే జర వెచ్చగ చేసి, పొడి గుడ్డతోని తుడిసి అంటించినం. స్పాయిలర్ ఆఖరుకు పెట్టినం. రేపటి దాక బండి కడుగొద్దని చెప్పిన.

నవీన్ బండి బయటికి తీస్తనంటే గేటు కాడ ఏటవాలు ఉన్నది, కొత్త లిప్ కింద రాసుకుంటది. రెండు చెక్కలు ఏసి మెల్లగ దింపినం. అవ్వ చూసి, బిడ్డా, నేను గుడ గిట్లనే నడుస్త, నాకు గుడ చెక్కలెయ్యుండ్రి అన్నది. ఆ మాటకు సుగుణమ్మ గుడ నవ్వింది.

నేను పోయేటప్పుడు సుగుణమ్మ కొబ్బరి చిప్ప ఒకటి నా సంచిల పెట్టింది. పొద్దుగాల అన్న మాట ఆమె తియ్యలే, నేను తియ్యలే. భుజం ఎందుకట్ల గుంజినట్టు పెడుతున్నవు అని అడిగింది. రుద్దుడు పని అక్కా అన్న. ఇంటికి పోయి ఉప్పు ఏంచి గుడ్డల కట్టి పెట్టు అని చెప్పింది. పెట్టిన. నిజంగనే జర నయమైంది.

షెడ్డుకు పోయేసరికి పని మంచిగైందని ఉస్తాద్‌కు సుగుణమ్మ ఫోన్ వచ్చే ఉండె. ఆయన నా బకెట్ తీసి కొత్తగ వచ్చినోని ముందట పెట్టిండు. ఆ తెల్లారికెల్లి నేను ఫిట్టింగే. భుజం పూర్తిగ పట్టేసి పని మానేసినదాక అదే చేసిన, బిడ్డ సదువు గుడ దాని మీదనే ఎల్లింది. ఉస్తాద్‌ను తలుసుకుంట. సుగుణమ్మను తలుసుకుంట. అవ్వ ఇప్పుడు లేదు, ఆమెను గుడ.

ఆ పనితోని నేను నేర్సుకున్నది రెండు సంగతులు. కొత్త బండికి పోయిన ప్రతి ఇంటి కాడ గేటులనే చెప్పేదాన్ని, మా ఇంటాయన లేడు, మీ బొట్టు మీరు పెట్టుకోండ్రి, అయినంక నేను వస్త అని. కొందరు వద్దన్నరు. శాన మంది రమ్మన్నరు. వద్దన్నోళ్ల ఇంట్ల సగం పని చేసి వాపస్ వచ్చే బాధ తప్పింది. రెండోది, సామాన్ తనంతట తాను ఆనుకొని కూసునేదాక టేపు ఇప్పొద్దు. కరెంట్ లేదని ఒక్క పని గుడ వాపస్ తేలేదు నేను. సంచిల హీట్ గన్ పక్కన ఎప్పుడు రెండు పాత తువ్వాలలు ఉండేటియి.