కత్తుల బుట్ట

మా సంఘం నియమావళి నేనే రాశాను. ఆ నియమావళి ప్రకారం నేను ఆ సంఘంలో సభ్యురాలిని కాను. ఈ మాట చెబితే జనం జాలిపడతారు. ఎందుకో నాకు అర్థం కాదు. డిగ్రీ పట్టా ఏ పెట్టెలో ఉందో కూడా గుర్తులేదు గానీ, ఈ సంగతి మాత్రం కనబడిన ప్రతివాళ్ళకూ చెప్పుకుంటాను.

మేము ఎరుకలవాళ్ళం. పెనుకొండలో, కొండ కింద మా కాలనీ. వెదురు చీల్చి బుట్టలు, చాటలు, తట్టలు అల్లడం మా పని. మా చుట్టుపక్కల పట్టుపురుగులు పెంచే రైతులు ఎక్కువయ్యాక చంద్రికలే ఎక్కువగా అల్లేవాళ్ళం. పురుగు గూడు కట్టుకోవడానికి వీలుగా చుట్లు చుట్లుగా బద్దను నిలబెట్టిన వెడల్పాటి తట్టను చంద్రిక అంటారు. హిందూపురంలో గూళ్ళ మార్కెట్టు నడిచినంతకాలం మాకు పనికి లోటుండదని ధీమా. పెనుకొండ, హిందూపురం, ధర్మవరం, ఈ మూడు ఊళ్ళ మావాళ్ళకూ కలిపి ఒకటే పంచాయితీ. దానికి పెద్ద మా నాయన.

పంచాయితీ కూర్చునే ముందు మధ్యలో ఒక కొత్త బుట్ట పెడతారు. వచ్చినవాళ్ళు నడుములోని కత్తి, అదే వెదురు చీల్చే కత్తి, తీసి అందులో వేసి కూర్చోవాలి. మా పనీ కత్తితోనే, మా కోపాలూ దానికి తగినట్టే ఉంటాయని ముందుతరాలవాళ్ళకు బాగా తెలుసు. కత్తి వేసినవాడికే మాట. తీర్పయ్యాక ఎవరి కత్తి వాళ్ళు తీసుకుంటారు. తీర్పు నచ్చనివాడు కత్తిని బుట్టలోనే వదిలి లేచిపోతాడు. మరునాడు పెద్ద ఆ కత్తి పట్టుకుని వాడి గడప ఎక్కాలి, మళ్ళీ మొదటి నుంచి మాట్లాడాలి. ఇంత మర్యాద ఏ కోర్టులో ఉందో నాకు చూపించండి.

మా ఆడవాళ్ళూ వెదురు చీలుస్తారు. వాళ్ళకూ కత్తులున్నాయి. అవి మాత్రం ఎప్పుడూ ఆ బుట్టలో పడలేదు. వేయకూడదని ఎవరూ చెప్పలేదు. వేయలేదు, అంతే.

తొంభైల మధ్యలో ఒక మార్పు వచ్చింది. ఇకమీదట తక్కువ ధరకు వెదురు కావాలంటే రిజిస్టరైన సంఘం ఉండాలని, సభ్యులకే కట్టలు ఇస్తామని అటవీశాఖ వెదురు డిపోవాళ్ళు చెప్పారు. సంఘమంటే నియమావళి కావాలి. నేనప్పటికి హిందూపురంలో డిగ్రీ చదివి, ధర్మవరంలో ఒక ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెబుతున్నాను. నాయన కబురు పెట్టాడు.

నేను రాకముందే మావాళ్ళు ఒక ప్రయత్నం చేసి ఉన్నారు. ఏదో పాల సంఘం నియమావళి తెచ్చి, పేరు మార్చి, అందరూ సంతకాలూ వేలిముద్రలూ వేసేశారు. నేను చదివి వినిపించాను. సభ్యుడికి పాలిచ్చే ఎనుము కనీసం ఒకటి ఉండాలట. ఒక ముసలాయన నిమ్మళంగా, మా ఇంట్లో గాడిద ఉండాది, సరిపోతాదా అని అడిగాడు. అలా ఆ కాగితం చిరిగిపోయి పని నా చేతికొచ్చింది.

చేతికొచ్చిన పనిలో అసలు ముడి మొదటి నియమంలోనే ఉంది: సభ్యులు ఎవరు? ఆ ముడికి అవతల మా అత్త ఉంది.

అత్తంటే నాయన చెల్లెలు. ధర్మవరంలో మగ్గం నేసే ఒకాయన్ను ఇష్టపడి చేసుకుంది. వేరే కులం. ఆయన జబ్బుచేసి పోయాక అటువాళ్ళు తలుపు వేసుకున్నారు. కూతుర్ని వెంటబెట్టుకుని, తన కత్తి పట్టుకుని పెనుకొండకు తిరిగొచ్చింది. కాలనీ చివర ఒక రేకుల కొట్టంలో ఉండేది. నాయన తన వెదురులోంచి కొంత ఆమెకు పంపేవాడు. చంద్రిక అల్లడంలో మా మూడు ఊళ్ళలో ఆమెకు సాటి లేరు. రైతులు ఆమె చేతి చంద్రికే కావాలని అడిగి తీసుకుపోయేవాళ్ళు. ఇప్పుడు సభ్యులకే లెక్కపెట్టి కట్టలిస్తారంటే, పంచుకోవడానికి మిగిలేది ఉండదు. సభ్యత్వం రాకపోతే అత్త కత్తి అటక మీద పెట్టి, ఎవరి చేన్లోనో కలుపు తీయడానికి పోవాలి.

నాయన ఆమె తరఫున ఒక్క మాట కూడా అనడానికి లేదు. సొంత రక్తం విషయం వచ్చినప్పుడు పెద్ద నోరు మూసుకోవాలి, అదీ మా కట్టుబాటే. నాకు ఆ కట్టుబాటు లేదు. నా నోటికి ఏ కట్టుబాటూ లేదని మా అమ్మ ఎప్పుడూ అంటూ ఉండేది.

ఒక ఆదివారం కాలనీలో బోరింగు దగ్గర అందరూ కూర్చున్నారు. నేనూ కాగితాలు ఒళ్ళో పెట్టుకుని మగవాళ్ళ మధ్యలో కూర్చున్నాను. రాసేది నేనే కాబట్టి ఎవరూ ఏమీ అనలేదు. ఆడవాళ్ళు గోడవార నిలబడ్డారు, వాళ్ళలో అత్త. ఎదురుగా హిందూపురం నుంచి వచ్చిన మామ. సొంత మేనమామ కాదు గానీ వరసకు మామ, నాయనకు బావ. మాటలో నాకు తగిన ఉజ్జీ.

బయట చేసుకున్న పిల్ల బయటిదేనని మామ మొదలుపెట్టాడు. ఇంటికొక మగవాణ్ణి సభ్యుడిగా రాసుకుంటే ఏ గొడవా ఉండదన్నాడు.

"ఆమెకిచ్చే నాలుగు కట్టల గురించి కాదు కోడలా నా బాధ," అన్నాడు. "ఇయ్యాల ఆమెను కలుపుకుంటాం. రేపు ఆమె మొగుని అన్నదమ్ములు వస్తారు వెదురుకి. అప్పుడేం చేస్తావు?"

"మగ్గం నేసేటోళ్ళకి వెదురు ఏమిటికి మామా? పట్టుచీరకు బద్దలతో అంచు ఏస్తారా?"

జనం నవ్వారు. మామ నవ్వలేదు. నవ్వులాటకేం గానీ, రాసినాక మార్చేది కష్టం, ఆలోచించి రాయమన్నాడు. ఆ మాట తప్పని నేను ఇప్పటికీ అనను. మా మంచినీళ్ళ కుళాయి దగ్గర కూడా బయటివాళ్ళు వచ్చి చేరి, చివరికి మమ్మల్నే వెనక్కి నెట్టిన సంగతి అందరికీ గుర్తే. ఆయన భయం ఊరికే పుట్టింది కాదు.

నేను బుట్ట వైపు చెయ్యి చూపించాను.

"నేను కొత్తగా రాసేదేముండాది మామా? మన రూలు ఈ బుట్టలోనే ఉండాది. ఎరుకలింట పుట్టి, కత్తి పట్టి, దాన్ని తెచ్చి ఇందులో ఏసినోళ్ళకి మాట. అంతే గదా? ఆడదా, మొగోడా, పెండ్లి యాడ చేసుకునింది అని ఏ కత్తి మీదైనా రాసుంటే చూపించు."

ఎవరూ చూపించలేదు. అత్త కూతురికీ దారి ఉండాలని, ఎరుకల తల్లికి పుట్టినా సరే, తండ్రికి పుట్టినా సరే అని చేర్చాలన్నాను. దాని మీద చాలాసేపు వాదన నడిచింది. పుట్టుకా కావాలి, పనీ కావాలి, రెండూ ఉన్నప్పుడు అత్త అత్తింటివాళ్ళు ఏ దారిన వస్తారని నేను అడిగాను. మెల్లగా ఒక్కొక్కరే తల ఊపారు.

మామ మొండివాడే కానీ మొద్దు కాదు. బుట్టలోని కత్తులను చూస్తూ, సరే రాయి అన్నాడు. కత్తి ఏసినోళ్ళే సభ్యులు, వాళ్ళే ఈడ కూర్చోవల్ల, వాళ్ళే మాట్లాడల్ల. నేను రాశాను. నేను చుక్క పెట్టేదాకా ఆగి అడిగాడు.

"నీ కత్తి యాడుండాది కోడలా?"

నాకు కత్తి లేదు. చిన్నప్పుడు కత్తి మీద చెయ్యి వేస్తే నాయన గుంజుకునేవాడు. ఈ చేతికి పెన్ను చాలు, కత్తి ముట్టుకుంటే చెయ్యి విరగ్గొడతా అనేవాడు. మా వీధిలో అరచేతిలో కాయలు లేని పిల్లను నేనొక్కదాన్నే.

"లేదు మామా."

"లేకపోతే లేయల్ల గదా. ఇంతసేపు యాడ కూర్చోని మాట్లాడ్తాండావు?"

ఆయన నన్ను చూడటం లేదు, నాయనను చూస్తున్నాడు. పంచాయితీ పెద్ద కూతుర్నే పంచాయితీలోంచి లేపడమంటే మూడు ఊళ్ళలో మాట పడటమే. నాయన సహించడు, నియమమే వెనక్కి పోతుంది, దాంతో అత్తా పోతుంది, ఇదీ ఆయన లెక్క. నాయన మొహంలో రంగు మారింది. నేనూ ఆయన రక్తమే కాబట్టి నోరు విప్పడానికి లేదు.

ఇక్కడొక సంగతి చెప్పాలి. పెన్ను నా చేతిలోనే ఉంది. "చదువుకున్న పిల్లలు కూడా" అని మూడు ముక్కలు చేరిస్తే చాలు. అక్కడ సంతకం చేయగలిగినవాళ్ళున్నారు గానీ ఆ కాగితం చదవగలిగినవాళ్ళు లేరు. నేను మూత పెట్టి లేచాను. లేచి పోయి బోరింగు గట్టు మీద కూర్చున్నాను.

అత్త గోడవార నుంచి నడిచొచ్చింది. కొంగులోంచి కత్తి తీసి బుట్టలో వేసింది. ఇనుము ఇనుముకు తగిలిన చప్పుడు గట్టు దాకా వినబడింది. నేను లేచిన చోటే కూర్చుంది. వెనకే ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు కత్తులు తేవడానికి ఇళ్ళకు పరుగెత్తారు.

మిగిలిన నియమాలన్నీ అరుచుకుంటూ రాశాం. వాళ్ళు అక్కడి నుంచి చెప్పడం, నేను గట్టు మీద రాసి పెద్దగా చదవడం, కాదని వాళ్ళు మళ్ళీ అరవడం. మధ్యలో నీళ్ళకు వచ్చిన పిల్లలు బిందె పెట్టి, పక్కకు జరగమనేవాళ్ళు. నేను సలహా చెప్పబోతే మామ బుట్ట వైపు వేలు చూపించేవాడు, నేను నోరు మూసుకుని రాసేదాన్ని.

అంతా అయ్యాక అందరూ కత్తులు తీసుకున్నారు. బుట్టలో మామ కత్తి ఒకటే మిగిలింది. ఎవరూ కదల్లేదు. అత్త తల వంచుకుని కూర్చుంది. ఆయన వదిలేసి పోతే మళ్ళీ మొదటికొస్తుంది. మామ చుట్ట వెలిగించుకుని, రెండు దమ్ములు లాగి, వంగి కత్తి తీసుకున్నాడు.

"బావా, నీ కూతురికి కత్తి ఏమిటికి లే," అన్నాడు నాయనతో. "నోరుండాది గదా."

రిజిస్ట్రేషన్ రోజు ఆఫీసులో గుమాస్తా మొదటి నియమం చదివి, ఇది సంఘమా ముఠానా అని వెటకారమాడాడు. మా కులమంతా దొంగలేనని చట్టం చేస్తే, మా తాత పొద్దుగూకితే పోలీసు స్టేషన్‌కు పోయి, ఊళ్ళోనే ఉన్నానని వేలిముద్ర వేసి రావలసిన కాలం ఒకటుండేదని, ఆ రూల్సు మీలాంటివాళ్ళు రాసినవని, ఇవి మాత్రం మేము రాసుకున్నవని, చదివి ముద్ర వేయమని చెప్పాను. వేశాడు. నాయన అక్షరం అక్షరం కూడబలుక్కుని తన పేరు సంతకం చేశాడు. బయటికొచ్చాక అంత మాట ఎందుకని నన్ను కసిరాడు. కానీ బస్టాండు దాకా నాకంటే ముందు, పెండ్లికొడుకులా నడిచాడు.

తర్వాత పదేళ్ళు గడిచాయి. ప్లాస్టిక్ చంద్రికలొచ్చి మావాటికి గిరాకీ తగ్గింది. మామ పోయాడు. నాయన వయసు మీదపడి తప్పుకున్నాడు. పంచాయితీలో పెద్దగా ఆయన కూర్చునే చాప మీద మూడు ఊళ్ళవాళ్ళూ ఒప్పుకుని అత్తను కూర్చోబెట్టారు.

ఆ రోజుల్లోనే మావాళ్ళ పిల్లలు కొందరు, చదివి ఉద్యోగాల్లో చేరినవాళ్ళు, ధర్మవరంలో మా ఇంటికొచ్చారు. కత్తి నియమం పాతబడింది, డిగ్రీ ఉంటే చాలని సవరణ పెడుతున్నాం, నీకూ సభ్యత్వం వస్తుంది, నువ్వొచ్చి ఒక మాట చెప్పక్కా అన్నారు. వచ్చి చెబుతాను, అయితే అది మీ వైపు మాట కాదన్నాను. వెదురు పంచుకునే చోట వెదురు తెలిసినవాళ్ళే కూర్చోవాలి. ఆ సంగతి వాళ్ళ మొహాన చెప్పడానికి సెలవు పెట్టి పెనుకొండకు పోయాను.

బోరింగు గట్టు దగ్గర నిలబడి మొదలుపెట్టానో లేదో, చాప మీంచి అత్త తలెత్తింది.

"ఎవురది మాట్లాడేది? కత్తి ఏసినావా?"

"నేను నీ వైపే మాట్లాడ్తాండా అత్తా."

"ఎవురి వైపైతే ఏమి? ఏసినావా లేదా?"

"లేదు."

"అయితే ఆడ కూర్చో. బయటోళ్ళ మాట లెక్కకు రాదు."

కూర్చున్నాను. బడిలో హెడ్‌మాస్టరు, ఇంట్లో మొగుడు, ఆఫీసులో గుమాస్తా ఎవరూ చేయలేని పని ఆ నియమం చేసింది. సవరణ వీగిపోయింది. అత్త ఆ పిల్లలను పిలిచి, ఆదివారాలు రాండి, నేర్పిస్తా, ఒక్క బుట్ట అల్లి దాన్నే తెచ్చి మధ్యలో పెట్టి కూర్చోండని చెప్పింది. ఇద్దరు వస్తామన్నారు.

లేచేటప్పుడు అందరూ కత్తులు తీసుకున్నారు, ఒక్కటీ మిగల్లేదు. అత్త ఆ ఖాళీ బుట్ట తెచ్చి నా చేతిలో పెట్టింది.

"ఇంటికి ఎత్తకపో పాపా. ఉల్లిగడ్డలు పోసుకో."

పోసుకున్నాను. ఇప్పటికీ మా వంటింట్లో ఉంది.